మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్‌లో కుటుంబ మంగళవారం: పిల్లలతో, పెద్దలతో వెళ్ళదగినదేనా?

జర్మనీలోని మ్యూనిక్‌లో సెప్టెంబరులోనే మొదలయ్యే బీరు పండుగ అక్టోబర్‌ఫెస్ట్. అది జరిగే రోజుల్లో వచ్చే మంగళవారాలను మ్యూనిక్ నగర పాలక సంస్థ కుటుంబ దినాలుగా పాటిస్తుంది. ఆ రోజుల్లో రాత్రి ఏడు గంటల వరకు ఆటల టికెట్లకూ, వినోద ప్రదర్శనలకూ, కొన్ని తినుబండారాలకూ ధర తగ్గిస్తారు. మ్యూనిక్‌లో ఉంటున్న తెలుగు కుటుంబాలలో సెప్టెంబరు వచ్చిందంటే ఈ తగ్గింపు మాట తప్పకుండా వినిపిస్తుంది. ఊరి నుండి అమ్మానాన్నలో అత్తమామలో వచ్చి ఉంటే, వారిని కూడా తీసుకుని వెళ్ళవచ్చా అన్న సందేహం దాని వెనుకనే వస్తుంది. ఇద్దరు పిల్లలతోనూ, హైదరాబాదు నుండి వచ్చిన మా అత్తమామలతోనూ వెళ్ళివచ్చిన అనుభవంతో నేను చెప్పగలిగేది ఇది: తగ్గింపు కోసమైతే వెళ్ళనక్కరలేదు, ఎందుకంటే మిగిలేది స్వల్పమే. కానీ కుటుంబంతో వెళ్ళేవారికి మంగళవారం పగటిపూటను మించిన సమయం లేదు. అందుకు కారణం ధరలు కాదు, ఆ పూట అక్కడ పిల్లల కోసం చేసి ఉంచిన చిన్న చిన్న ఏర్పాట్లు.

ముందుగా ఆ స్థలం స్వభావం తెలిసి ఉండాలి. ఇది ఒక కంపెనీ ఒకే టికెట్టుతో నడిపే వినోద ఉద్యానం కాదు. టెరేజియన్‌వీజె అనే విశాలమైన మైదానంలో నగరం స్థలాలు కేటాయిస్తుంది. బీరూ భోజనమూ వడ్డించే పెద్ద డేరాలు, ఆటలు, దుకాణాలు ఎవరివి వారివే. లోపలికి వెళ్ళడానికి రుసుము లేదు, లోపల ప్రతిదానికీ విడిగా చెల్లించాలి. 1810 అక్టోబరు 12న, మ్యూనిక్ రాజధానిగా ఉన్న బవేరియా యువరాజు లుడ్విగ్‌కూ టెరేజె రాకుమారికీ జరిగిన పెళ్ళి సందర్భంగా ఇక్కడ నిర్వహించిన గుర్రపు పందేలతో ఈ ఉత్సవం మొదలైంది. మైదానానికి పెళ్ళికూతురి పేరే స్థిరపడింది. తొలి రంకుల రాట్నమూ ఉయ్యాలలూ 1818లోనే వచ్చాయి. అంటే నేడు ప్రపంచమంతా బీరు పండుగగా పిలుచుకునే ఈ ఉత్సవంలో పిల్లల ఆటలు నిన్న మొన్న చేర్చినవి కావు. స్థానికులు దీన్ని అక్టోబర్‌ఫెస్ట్ అని కాక వీజ్న్ అనే పిలుస్తారు, బళ్ళో మా అమ్మాయి స్నేహితులతో సహా.

రద్దీ విషయంలో మొహమాటం లేకుండా చెప్పాలి. పదహారు నుండి పద్దెనిమిది రోజుల వ్యవధిలో అరవై డెబ్భై లక్షల మంది వచ్చిపోయే చోటు ఇది. 2025 సెప్టెంబరు 27, శనివారం సాయంత్రం జనం మితిమీరడంతో మైదానాన్ని కొంతసేపు మూసివేయవలసి వచ్చింది. పిల్లల చేయి పట్టుకుని అటువంటి సాయంత్రం మధ్యలో నిలబడాలని ఎవరూ కోరుకోరు. వారాంతాలకు భిన్నంగా మంగళవారం ఉదయం పది గంటలకు డేరాలు తెరిచే వేళకు చేరుకుంటే వీధులు ఖాళీగా, దుకాణదారులు ఓపికగా కనిపిస్తారు. మధ్యాహ్నం రెండు దాకా పెద్దవారు కూడా తమకు నచ్చిన వేగంతో నడవగలరు. మూడు దాటిన తరువాత బడి వదిలిన పిల్లలతో కుటుంబాలు, నాలుగైదు గంటలకు ఆఫీసుల వారు, ఆరు దాటాక డేరాలలో బల్లలెక్కి పాడేవారు వరుసగా వచ్చి చేరుతారు. ఈ వరుసను దృష్టిలో పెట్టుకుని, సాయంత్రం అయిదింటికి బయటపడేలా ప్రణాళిక వేసుకోవడం మంచిది. ధర తగ్గింపు ఏడు దాకా ఉంది కదా అని ఏడు దాకా ఉండనవసరం లేదు.

వెళ్ళే దారి గురించి ఒక మాట. మైదానం పేరే పెట్టుకున్న మెట్రో స్టేషను సరిగ్గా ప్రధాన ద్వారం దగ్గరకు తీసుకువెళుతుంది. అందరూ అక్కడే దిగుతారు కనుక అక్కడి మెట్ల మీద తోపులాట తప్పదు. పెద్దవారు వెంట ఉంటే గోథెప్లాట్స్ గాని పోచీష్ట్రాసె గాని దిగి పది పన్నెండు నిమిషాలు నడవడమే సుఖం. పైగా ఆ వైపు నుండి వెళితే మైదానం దక్షిణపు కొస నుండి ప్రవేశిస్తాము, అక్కడ ఎందుకు ప్రవేశించాలో తరువాత చెబుతాను. అయిదుగురు పెద్దల వరకు ప్రయాణించదగిన బృంద టికెట్టు ఒకటి తీసుకుంటే రోజంతా సరిపోతుంది. పిల్లలిద్దరిని కలిపి ఒక పెద్దవారిగా లెక్కిస్తారు, ఆరేళ్ళ లోపు పిల్లలకు అసలు టికెట్టే అక్కరలేదు.

ద్వారాల వద్ద తనిఖీ కచ్చితంగా ఉంటుంది. మూడు లీటర్లకు మించిన సంచిని లోపలికి తీసుకుపోనివ్వరు, గాజు సీసాలు అసలే కుదరవు. మన వాళ్ళ అలవాటు ప్రకారం పులిహోర డబ్బా, పెరుగన్నం డబ్బా, పిల్లవాడి మారుబట్టలు, అత్తగారి శాలువా, గొడుగు అన్నీ ఒకే వీపు సంచిలో సర్దుకుని బయలుదేరితే ద్వారం దగ్గరే ఆగిపోవాలి. బయట సంచులు భద్రపరిచే కౌంటర్లు ఉన్నాయి కానీ డబ్బు తీసుకుంటారు, సాయంత్రం తిరిగి తీసుకోవడానికి వరుసలో నిలబడాలి. శాలువా ఒంటి మీద, మందులు జేబులో, మిగిలినవి ఇంట్లో అన్న పద్ధతే నయం. స్ట్రోలర్ విషయంలో నియమం మరింత స్పష్టం: శనివారాలలోనూ, జాతీయ సెలవు దినమైన అక్టోబరు 3వ తేదీనా పూర్తిగా నిషేధం, మిగిలిన రోజుల్లో సాయంత్రం ఆరు వరకే అనుమతి. చంటిపిల్లలున్నవారికి శనివారం పనికిరాదని ఈ ఒక్క నియమమే తేల్చి చెబుతుంది.

ఇక తగ్గింపు సంగతి. ఎంత తగ్గించాలో, దేని మీద తగ్గించాలో ఆయా యజమానులే నిర్ణయించుకుంటారు కాబట్టి ఒక రాట్నం మీద ఒకటి రెండు యూరోలు తగ్గితే, దాని పక్కనే ఉన్న రోలర్ కోస్టర్ మీద తగ్గింపు నామమాత్రంగా ఉంటుంది. తగ్గించిన ధర కౌంటరు దగ్గర చిన్న కాగితం మీద రాసి ఉంటుంది. కొన్నిచోట్ల అడిగితే తప్ప ఇవ్వరు. పెద్ద ఆటలలో నలుగురు ఎక్కితే తగ్గింపు తరువాత కూడా నలభై యూరోల దరిదాపుకు వెళ్ళిపోవడం కష్టం కాదు. పైగా పిల్లలు ఒకసారి ఎక్కి ఊరుకోరు. బీరు మీద తగ్గింపు ఉండదు. 2025లో లీటరు బీరు డేరాను బట్టి 14.50 నుండి 15.80 యూరోల వరకు పలికింది. బీరు తాగని కుటుంబానికి దానితో పని లేదనుకున్నా, డేరాలలో లీటరు నీళ్ళే సుమారు పది యూరోలు ఉంటాయన్న సంగతి అందరికీ తగులుతుంది. మైదానంలో ఉచిత తాగునీటి కుళాయిలు కొద్దిచోట్ల ఉన్నాయి. ఒక ఖాళీ ప్లాస్టిక్ సీసా వెంట ఉంచుకున్నవారు అదృష్టవంతులు.

నాకు నిజంగా నచ్చినది ఫమీలియన్‌ప్లాట్స్‌ల్ అనే మూల. డేరాల ప్రధాన వీధి నుండి కాస్త పక్కకు ఉన్న ఈ చోట చిన్నపిల్లల ఆటలు, చిన్న తిండి దుకాణాలు ఒకచోట చేర్చారు. స్ట్రోలర్లు నిలిపే స్థలం, పిల్లల డైపర్ మార్చే బల్ల, చంటిపిల్లల ఆహారం వేడి చేసుకోవడానికి మైక్రోవేవ్ ఇక్కడ ఉన్నాయి. రాసుకుంటే చాలా మామూలు సంగతుల్లా కనిపిస్తాయి గాని, మూడేళ్ళ పిల్లవాడికి ఇంటి నుండి తెచ్చిన చిన్న డబ్బాలోని పప్పన్నం వేడివేడిగా పెట్టగలగడం ఆ పూట మొత్తాన్ని నిలబెట్టింది. ఆటలు కూడా వాడి ఎత్తుకు సరిపోయేవే: నెమ్మదిగా తిరిగే కార్లు, చిన్న రైలు, గుర్రాల రాట్నం. ఇక్కడి రద్దీ కూడా వేరు రకం. తోసుకుపోయేవారు ఉండరు, ఏడ్చే పిల్లలను బుజ్జగించేవారు ఉంటారు.

తప్పిపోయిన పిల్లల కోసం షోటెన్‌హామెల్ డేరా వెనుక ఉన్న సేవా కేంద్రంలో ప్రత్యేకమైన గది ఉంది. పోలీసులు, ప్రథమ చికిత్స, పోయిన వస్తువుల కౌంటరు అన్నీ అక్కడే. ఉత్సవం తొలిరోజు మధ్యాహ్నం పన్నెండింటికి నగర మేయరు మొదటి బీరు పీపాకు కుళాయి కొట్టి తెరిచేది ఈ షోటెన్‌హామెల్ డేరాలోనే కనుక ఎవరిని అడిగినా దారి చూపుతారు. లోపలికి వెళ్ళగానే ఆ చోటును ముందుగా మా అమ్మాయికి, మామగారికి చూపించాము. పిల్లవాడి మణికట్టుకు మా ఫోను నంబరు రాసిన పట్టీ కట్టాము. మామగారికి జర్మన్ రాదు, ఫోనులో ఇక్కడి సిమ్ లేదు. అందుచేత ఆయన జేబులో కూడా అదే నంబరు రాసిన చీటీ పెట్టాను. "నన్నూ పిల్లాడి లెక్కలో వేశావా అమ్మా!" అని ఆయన నవ్వారు కానీ చీటీ మాత్రం జాగ్రత్తగా చొక్కా జేబులోకి తోసుకున్నారు. ఇంత జనంలో ఫోను సిగ్నలు తరచుగా మొరాయిస్తుంది కాబట్టి, విడిపోతే ఎక్కడ కలుసుకోవాలో మాటతోనే నిర్ణయించుకోవడం తప్పనిసరి. మైదానం అంచున ఉన్న బవేరియా అనే పెద్ద కంచు విగ్రహపు మెట్లు అందుకు బాగుంటాయి, ఎక్కడి నుండైనా కనిపిస్తాయి.

పెద్ద ఆటలలో ఆకాశంలో తలకిందులు చేసేవి మా కుటుంబానికి పనికిరావు కనుక వాటి మీద తీర్పు చెప్పను. జెయింట్ వీల్ యాభై మీటర్ల ఎత్తు ఉంటుంది, నెమ్మదిగా తిరుగుతుంది, పెద్దవారు కూడా హాయిగా ఎక్కవచ్చు. ఆకాశం తేటగా ఉంటే దక్షిణాన ఆల్ప్స్ కొండలు కనిపిస్తాయి. దానికన్నా నేను ముందు చెప్పేది క్రినొలీనె. 1924 నుండి తిరుగుతున్న ఈ రాట్నం తిరుగుతూనే ఒక పక్కకు ఒరిగి, మళ్ళీ లేస్తుంది, పాతకాలపు గౌను కుచ్చిళ్ళు ఊగినట్టు. దాని పక్కన రికార్డు పాట కాదు, నిజమైన బ్రాస్ బ్యాండ్ కూర్చుని వాయిస్తుంది. వేగం తక్కువ, కానీ ఒరిగేటప్పుడు కడుపులో తేడా తెలుస్తుంది. మా అత్తగారు కొంగు నడుముకు చుట్టుకుని, రెండు చేతులతో కమ్మీ పట్టుకుని, మొదటి రెండు చుట్లు కళ్ళు మూసుకున్నారు. మూడో చుట్టుకు బ్యాండు వారి వైపు చూస్తూ తల ఊపడం మొదలుపెట్టారు. మోకాళ్ళ నొప్పి ఉన్నవారికి ఎక్కే మెట్టు కాస్త ఎత్తుగా ఉందని మాత్రం గమనించాలి.

ఎక్కకుండా చూసి ఆనందించే ఆటలు రెండున్నాయి, డబ్బుకు తగిన వినోదం వాటిలోనే ఎక్కువ. ఒకటి టొబొగాన్: వేగంగా పైకి కదిలే పట్టా మీద నిలబడి గోపురం పైకి చేరుకుని, అక్కడి నుండి చుట్లు చుట్లుగా ఉన్న జారుడుబల్ల మీద కిందికి రావాలి. పట్టా మీద కాలు పెట్టిన వెంటనే వెల్లకిలా పడేవారిని చూడడానికే కింద వంద మంది పోగవుతారు, దానికి టికెట్టు అక్కరలేదు. రెండోది 1910 నుండి ఉన్న టాయ్‌ఫెల్స్‌రాడ్. ఇది గుండ్రని చెక్క పళ్ళెం. దాని మీద పదిపదిహేను మంది కూర్చుంటారు, పళ్ళెం తిరగడం మొదలవుతుంది, అంచున ఉన్నవారు ముందు జారిపోతారు. మధ్యలో కదలకుండా కూర్చున్నవారి మీదకు పై నుండి వేలాడే మెత్తని బంతిని విసురుతారు, తాడు వేసి లాగుతారు. మైకు పట్టుకున్న వ్యాఖ్యాత అచ్చమైన బవేరియా యాసలో ఒక్కొక్కరినీ ఆటపట్టిస్తుంటాడు. మాటలు సగమే అర్థమైనా నవ్వు ఆగదు. "ఇప్పుడు ఎనిమిదేళ్ళ ఆడపిల్లలు మాత్రమే!" అన్నట్టు వయసుల వారీగా పిలుస్తాడు కాబట్టి చిన్నపిల్లలు పెద్దవాళ్ళ కింద నలిగే ప్రమాదం లేదు. మా అమ్మాయి చెప్పులు విప్పి, అరచేతులు చెక్కకు అతికించినట్టు ఆనించి, చివరి ముగ్గురిలో ఒకతిగా నిలిచింది. ఒకసారి టికెట్టు తీసుకుని లోపలికి వెళితే ఎంతసేపైనా గ్యాలరీలో కూర్చుని చూడవచ్చు. కుర్చీ కోసం వెతుక్కునే పెద్దవారికి ఇది మరో ఉపకారం.

1869 నుండి నడుస్తున్న షిష్ట్ల్ ప్రదర్శన గురించి కూడా అడుగుతారు. ప్రేక్షకులలో ఒకరిని వేదిక మీదకు పిలిచి గిలటిన్‌తో తల నరికినట్టు చూపించే గారడీ అది. హాస్యం కోసమే చేసినా అయిదారేళ్ళ పిల్లలకు నేను చూపించను. జర్మన్ రానివారికి సగం రుచి పోతుంది.

భోజనానికి డేరా లోపలికి వెళ్ళాలా వద్దా అన్న ప్రశ్నకు నా సమాధానం, పగలైతే తప్పకుండా వెళ్ళాలని. ముందుగా బల్ల రిజర్వు చేసుకుంటే తప్ప చోటు దొరకదన్న భయం సాయంత్రాలకే వర్తిస్తుంది. వారం మధ్యలో మధ్యాహ్నం పన్నెండు లోపల వెళితే అయిదారుగురికి బల్ల సులువుగా దొరుకుతుంది. 2005 నుండి సాయంత్రం ఆరు వరకు డేరాలలో సంగీతం 85 డెసిబెల్స్ మించకూడదని, ఆ వేళలో బ్యాండ్లు సంప్రదాయ బాణీలే వాయించాలని నియమం ఉంది. పిల్లవాడి చెవులు మూయనక్కరలేకుండా మనం మాట్లాడుకోగలగడం ఆ నియమం పుణ్యమే. లోపల పొగ తాగడం నిషేధం. ఆరేళ్ళ లోపు పిల్లలు తల్లిదండ్రులతో ఉన్నా రాత్రి ఎనిమిదికల్లా డేరా విడిచిపెట్టాలి. ఆ వేళదాకా అక్కడ ఉండాలనుకునే తల్లిదండ్రులకు ఇది చెప్పవలసి రావడమే విచిత్రం. కుటుంబాలకు అనువైనదిగా ఆగుస్టీనర్ డేరాకు ఊళ్ళో మంచి పేరు ఉంది. బీరును ఇప్పటికీ చెక్క పీపాల నుండే పోస్తారు, వడ్డించే స్త్రీలు రెండు చేతులతో పది పన్నెండు గ్లాసులు గుండెకు ఆనించుకుని, బల్లల మధ్య ఇరుకు సందులో ఒక్క చుక్క ఒలకకుండా దూసుకుపోతుంటే పిల్లలు తినడం మానేసి చూస్తారు.

తిండి విషయంలో మాంసాహారులకు ఇబ్బంది లేదు. నిప్పుల మీద తిప్పుతూ కాల్చిన సగం కోడి బాగుంటుంది, పై చర్మం కరకరలాడుతుంది, ఉప్పు కాస్త ఎక్కువ. మన నాలుకకు కారం లేని లోటు తెలుస్తుంది కాబట్టి చిన్న పొట్లంలో కారప్పొడి తీసుకువెళ్ళడంలో తప్పు లేదు. డేరాలలో దాని ధర పదిహేను ఇరవై యూరోల మధ్య ఉంటుంది. కర్రకు గుచ్చి కాల్చే చేప, ష్టెకర్ల్‌ఫిష్, నాకు కోడికన్నా నచ్చింది. గొడ్డుమాంసం తిననివారు ఓక్సెన్‌బ్రాటెరై డేరాను దాటి పోవాలి, అక్కడ ఎద్దును మొత్తంగా కాలుస్తారు, ఎద్దు సంఖ్య బోర్డు మీద రాస్తారు కూడా. మా అత్తగారు ఆ బోర్డు అర్థం అడగలేదు, నేను చెప్పలేదు.

శాకాహారుల పరిస్థితి మెరుగుపడింది గాని మనం అనుకునే శాకాహారం వేరు, అక్కడి వారి శాకాహారం వేరు. ఛీజ్ వేసి చేసే కేజ్‌ష్పెట్సలెలోనూ, తీపి కైజర్‌ష్మార్న్‌లోనూ గుడ్డు ఉంటుంది. మా అత్తగారు గుడ్డు ముట్టరు. ఒక డేరాలో మాంసం లేనిదని అడిగి తెప్పించుకున్న బంగాళాదుంప సలాడ్‌లో పంది మాంసపు సన్నని ముక్కలు కనిపించాయి. చెప్పిన వెంటనే క్షమాపణ చెప్పి తీసుకుపోయారు, డబ్బు కూడా లెక్కలో వేయలేదు, కానీ ఆవిడకు ఆ పూట ఇక డేరా తిండి మీద నమ్మకం పోయింది. చివరికి పెద్ద బ్రెట్స్‌న్ (ముడి ఆకారంలో ఉండే ఉప్పు రొట్టె), వేయించిన బాదంపప్పు, కాల్చిన మొక్కజొన్న పొత్తుతో సరిపెట్టుకున్నారు. చక్కెర పాకంలో రాగి బాణలిలో వేయించే ఆ బాదంపప్పు వాసన వీధంతా వ్యాపించి ఉంటుంది; వేడిగా ఉన్నప్పుడు కొనాలి, చల్లారితే పళ్ళకు పని. గుడ్డు కూడా ముట్టని పెద్దలతో వెళ్ళేవారు వారికి ఇంట్లోనే కడుపునిండా టిఫిను పెట్టి బయలుదేరడం నా సలహా.

ఇప్పుడు దక్షిణపు కొస సంగతి. 2010లో ఉత్సవానికి రెండు వందల ఏళ్ళు నిండిన సందర్భంగా పాతకాలపు ఉత్సవాన్ని తలపించేలా ఓయిడే వీజ్న్ అనే భాగాన్ని ఏర్పాటు చేశారు. ఆదరణ చూసి కొనసాగించారు. దీనికి కంచె, వేరే ద్వారం ఉన్నాయి, పెద్దలకు నాలుగు యూరోల ప్రవేశ రుసుము, పద్నాలుగేళ్ళ వరకు పిల్లలకు ఉచితం. రుసుము చూసి చాలామంది బయటి నుండే వెనుదిరుగుతారు, అందువల్లనే లోపల ఊపిరి తీసుకోవడానికి చోటు ఉంటుంది. పాత రాట్నాలు ఒకటి రెండు యూరోలకే ఎక్కనిస్తారు. బయట ఒక ఆటకయ్యే డబ్బుతో ఇక్కడ పిల్లలు నాలుగైదు ఎక్కుతారు కాబట్టి లెక్క వేసుకుంటే ఆ నాలుగు యూరోలు అరగంటలో తిరిగి వచ్చేస్తాయి. కుటుంబ దినపు తగ్గింపు కన్నా ఇదే అసలైన పొదుపు. మ్యూజియం డేరాలో పాత ఆటల యంత్రాలు, బొమ్మలు ఉన్నాయి. వెలొడ్రోమ్‌లో హ్యాండిల్ తిప్పిన వైపుకు పోని, చక్రాలు వంకరగా ఉన్న సైకిళ్ళు ఇస్తారు, తొక్కి పడడమే ఆట. బీరు ఇక్కడ గాజు గ్లాసులలో కాక మట్టి కూజాలలో పోస్తారు. హెర్ట్స్‌కాస్పెర్ల్ డేరాలో పల్లె వాయిద్యకారులు వాయిస్తుంటే ముసలి జంటలు చెక్క నేల మీద నెమ్మదిగా నాట్యం చేస్తారు.

మామగారికి రోజంతటిలో నచ్చినది అక్కడే దొరికింది. చెక్కతో కట్టిన గుండ్రని బావి గోడల మీద మోటారు సైకిలు నడిపే ప్రదర్శన అది, మన మరణబావి వంటిదే. నాంపల్లి నుమాయిష్‌లో చిన్నతనం నుండి ఆయన చూస్తూ వచ్చిన ఆట. పై అంచున నిలబడి చూస్తుంటే బండి పైకి లేచే కొద్దీ చెక్క పలకలు కాళ్ళ కింద అదురుతాయి, పొగ వాసన ముక్కుకు తగులుతుంది. హైదరాబాదులో కార్లు కూడా ఎక్కిస్తారని, ఇక్కడ బళ్ళే కానీ నడిపేవారు చేతులు రెండూ వదిలేస్తున్నారని ఆయన నాకు పోల్చి చెప్పారు. ప్రదర్శన చివర బావిలోకి చిల్లర విసిరే ఆచారం కూడా ఇక్కడ ఉంది. ఆయన జేబులోని నాణేలన్నీ అక్కడే ఖర్చయ్యాయి.

లోపాలలో పెద్దది కూర్చునే చోటు లేకపోవడం. డబ్బు పెట్టి తింటే తప్ప కూర్చోవడానికి బెంచీలు దాదాపు లేవు. అరవై దాటినవారు గంటకొకసారి నడుము వాల్చే చోటు అడిగితే డేరాలోకో కాఫీ దుకాణంలోకో వెళ్ళి ఏదో ఒకటి కొనాలి. మరుగుదొడ్లకు డబ్బు అడగరు, మధ్యాహ్నం దాకా శుభ్రంగానే ఉంటాయి, ఆ తరువాత స్త్రీల వరుస పెరుగుతూనే ఉంటుంది. పిల్లవాడు అడిగిన తరువాత కాక, అడగకముందే తీసుకువెళ్ళాలి. కార్డులు తీసుకునే దుకాణాలు పెరిగాయి కానీ చిన్న ఆటల దగ్గర నగదే సులువు. ఒక దుకాణంలో పిల్లలకు తెలియకుండా ఫోటో తీసి, ముద్రించిన ఫ్రేము చేతిలో పెట్టి పదిహేను యూరోలు అడిగారు; వద్దంటే మౌనంగా తీసేసుకున్నారు గాని అప్పటికే మూడేళ్ళవాడు దాన్ని గుండెకు హత్తుకుని ఉన్నాడు. ఆ ఫ్రేము ఇప్పుడు మా ఇంట్లో ఉంది.

బవేరియా విగ్రహం ఎక్కడం అందరికీ కాదు. 18.5 మీటర్ల కంచు విగ్రహం లోపల ఇరుకైన మెట్ల మీదుగా తల దాకా వెళ్ళి, చిన్న కంతల గుండా మైదానాన్ని చూడవచ్చు. ఎండలో లోపల వేడి విపరీతం, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవాలి. ఎనిమిదేళ్ళ పిల్లతో వెళ్ళవచ్చు, పెద్దవారు కింద మెట్ల మీద కూర్చుని చూస్తే అదే దృశ్యం ఉచితంగా దక్కుతుంది. విగ్రహం కింది గడ్డి వాలు మాత్రం సాయంత్రం నాలుగు దాటాక పిల్లలకు చూపించదగినది కాదు. ఎక్కువగా తాగినవారు వచ్చి పడుకునేది అక్కడే, వాంతులు చేసుకునేదీ అక్కడే. పగలు చేసిన మంచి ఏర్పాట్లన్నిటినీ ఆ వాలు మీది ఒక్క దృశ్యం మరిపించగలదు.

తేదీలు ఖాయం చేసుకునే ముందు ఒక సంగతి చూసుకోవాలి. కొన్నేళ్ళకొకసారి మైదానం దక్షిణ భాగంలో బవేరియా రైతుల వ్యవసాయ మేళా జరుగుతుంది. ఆ ఏడాది ఓయిడే వీజ్న్ ఉండదు. 2012లోనూ 2016లోనూ అలాగే జరిగింది. ఓయిడే వీజ్న్ ఉన్న సంవత్సరమైతే, దక్షిణం నుండి ప్రవేశించి ఉదయం అక్కడే గడిపి, మధ్యాహ్నం డేరాలో తిని, ఆ తరువాత క్రినొలీనె, టాయ్‌ఫెల్స్‌రాడ్ చూసుకుని అయిదింటికి పోచీష్ట్రాసె వైపు బయటపడమని ఊరి నుండి పెద్దలు వచ్చిన ఏ కుటుంబానికైనా చెబుతాను. అది లేని సంవత్సరం మాత్రం పిల్లలకు ఏడెనిమిదేళ్ళు దాటి, వెంట మోకాళ్ళు నొప్పిపెట్టే పెద్దలు లేకపోతేనే వెళ్ళమంటాను. లేదంటే ఫమీలియన్‌ప్లాట్స్‌ల్‌లో రెండు గంటలు గడిపి భోజనానికి ఇంటికి వచ్చేస్తే సరిపోతుంది.